మిరపకాయ తుమ్ము

నిన్న పక్కవాళ్లు డాబా మీద మిరపకాయలు ఆరబోస్తుంటే ఆ ఘాటు గాలివాటున మా వరండా దాకా వచ్చింది. తుమ్మాను. తుమ్ముతోపాటే పసుపుపచ్చ కారొకటి, పూలదండలు వేసుకుని, కలలో కదిలినట్టు కళ్లముందు నుంచి మెల్లగా సాగిపోయింది.

తొంభైల చివర్లో నేనూ మా బావమరిదీ కలిసి పెదకాకాని దగ్గర ట్రాక్టరు ట్రక్కులు కట్టే షెడ్డు నడిపేవాళ్లం. వేల ట్రక్కులు కట్టాం. వేలంటే మరీ వేలు కాదులెండి, వందకు లోపే. అలాంటి రోజుల్లో మావాడికి మోజు పుట్టి, పాత జీపు ఛాసిస్ మీద బిగించుకునే, టాపు లేని ఫైబర్ బాడీ ఒకటి కొనుక్కొచ్చాడు. కూతురి పెళ్లి ఊరేగింపు ఆ కారులోనే జరిపిస్తానని వియ్యాలవారికి మాట కూడా ఇచ్చేశాడు. ఛాసిస్ సిద్ధమయ్యేలోగా బాడీకి గీతలు పడకూడదని, మెత్తగా ఉంటుందని, మంచి ధర కోసం షెడ్డులో దాచుకున్న మిర్చి టిక్కీల మీద దాన్ని పడుకోబెట్టాడు. బస్తాని టిక్కీ అనే మా గుంటూరు వాళ్లకు తప్ప ఇంకెవరికి వస్తుందండీ అలాంటి ఆలోచన!

తీరా బిగించబోతే ముందు బోల్టులు కూర్చుంటే వెనకవి కూర్చోవు. కుడి తలుపు పడుతుంది, ఎడమ తలుపు సందులో చెయ్యి దూరుతుంది. పెళ్లి చూస్తే ముంచుకొచ్చేస్తోంది. వంకర ఎక్కడుందో ఒక్క చూపుతో పట్టేశానని తర్వాత చాలాకాలం చెప్పుకున్నాను. చూపూ లేదు, పాడూ లేదు. ఛాసిస్ వంగిందనుకుని జాకీలు పెట్టి దాన్నే నానా హింసా పెట్టాం. చివరికి మూల నుంచి మూలకు దారం లాగి, నీటి గొట్టంతో మట్టం చూస్తే దాని తప్పేమీ లేదు. విసుగెత్తి బాడీని దించి గచ్చు మీద పెడితే, అది కుంటి పీటలా టకటకా ఊగింది. అప్పుడు టిక్కీల వైపు చూశాం. ఒక పక్కవి మెత్తగా అణిగిపోయి ఉన్నాయి. రేకుల కింది వేడికి బాడీ ఆ పల్లంలోకి ఒళ్లు వాల్చేసింది.

"బావా, పిల్ల ముందు తలెత్తుకోలేను," అన్నాడు వాడు.

"ఒరేయ్, ఎండ వంచిందాన్ని ఎండకే అప్పజెబుదాం. ముందు ఆ ఏడుపాపు!"

రోహిణి కార్తె. బాడీని ఛాసిస్ మీద వదులుగా బిగించి, పల్లపు మూలల కింద చెక్కలు, ఎగిరిన మూలల మీద ఇసుక బస్తాలు పెట్టి, వేడి తగిలిన కొద్దీ నట్లు కాస్త కాస్తగా తిప్పుతూ కూర్చున్నాం. దారికొచ్చాక లోపలి నుంచి ఇంకో పొర ఫైబర్ అతికించి, మిగిలిన సందుల్లో టైరు ముక్కలు కుక్కాం. తలుపు టప్పున పడింది. టప్పున అంటే, కొంచెం పైకెత్తి నెడితే.

ఊరేగింపు రోజు ఊరంతా చూస్తుండగా పెళ్లికూతురు ఎక్కింది, పెళ్లికొడుకు ఎక్కాడు, నేను గేరు వేయబోయాను. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు తుమ్మాడు. బాజాలు ఆగిపోయాయి. అపశకునం, ఆ బండి వద్దు, దిగమన్నారు వియ్యాలవారు. బావమరిది వాళ్ల చేతులు పట్టుకుని బతిమాలాడు. మా అత్తగారు వచ్చి తలుపులో తల పెట్టి, వాసన చూసి, తనూ గట్టిగా తుమ్మింది.

"ఇది మిరపకాయ తుమ్మయ్యా! సీటు నిండా ఘాటే. శకునానికి దీన్ని లెక్కెయ్యరు. పోనీ అల్లుడూ!"

వియ్యాలవారూ గుంటూరు వాళ్లేగా, నవ్వేశారు. కారు గాలిలో తేలిపోయింది. అంటే, సన్నాయి వాళ్ల వెనకే నడిచిందనుకోండి.

ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో చల్లగా నిద్రపోతోంది, కారు తలుపులు వేలితో తోస్తే పడిపోతున్నాయి. నిన్న తుమ్మినప్పుడు బయటికెళ్దామని చెప్పులేసుకుంటున్నాను. అలవాటుగా ఆగి, కాసేపు అలాగే నిలబడ్డాను. కూర్చోమనేవాళ్లు లేరు, మిరపకాయ తుమ్ముకి లెక్కలేదు, పొమ్మనేవాళ్లూ లేరు.