ప్రార్థనలో పెట్టి తిట్టడం

మనిషిని ఎదురుగా నిలబెట్టి తిట్టాలంటే దమ్ముండాలి. ఆ దమ్ము లేనివాళ్లకు మా క్రైస్తవుల్లో ఒక సుఖమైన మార్గం ఉంది. ప్రార్థనలో పెట్టి తిట్టడం. అందరూ కళ్లు మూసుకుని ఉంటారు, మధ్యలో ఎవరూ అడ్డం చెప్పరు, పైగా చివర్లో తిట్లు తిన్నవాళ్లు కూడా ఆమెన్ అనాలి. ఇంతకంటే చవకైన పోట్లాట లోకంలో ఉందా?

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా పడిపోయినప్పుడు ఈ విద్య రుచి నాకు పూర్తిగా తెలిసింది. తిరువూరు డిపోలో డ్రైవరుగా ముప్పై ఏళ్లు చేసి, హారన్ కంటే గట్టిగా మాట్లాడిన మనిషి. విజయవాడ డాక్టరు, "మాట రావచ్చు, రాకపోవచ్చు. రోజూ పలికిస్తూ ఉండండమ్మా" అన్నాడు. నేను ఒకటో తరగతి టీచర్ని. ఊళ్లో పిల్లలందరి చేతా పలికించినదాన్ని, మొగుడి చేత పలికించలేనా అనుకున్నాను. రోజూ పొద్దున్నే మంచం పక్కన కూర్చుని "అమ్మ", "నీళ్లు", "అన్నం" అని చెప్పేదాన్ని. నాలుగు నెలలు చెప్పాను. ఒక్క ముక్క రాలేదు. ఏదైనా సరే, ఆయన నోటినుంచి ఒక్క మాట వింటే చాలని ప్రాణం కొట్టుకునేది. అడిగి అడిగి విసుగొచ్చి, దేవుణ్ణి అడగడం కూడా మానేశాను.

అలాంటి ఇంట్లో ప్రతి గురువారం సాయంత్రం గృహ ప్రార్థన. నడిపించేది గంపలగూడెం నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒక పెద్ద సిస్టర్. తెల్లచీర, చంకలో బైబిలు, చూపు మాత్రం మా వంటింటి వైపు. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. "అక్కా, నాకీమధ్య ప్రార్థన రావడం లేదు" అని ఒకసారి నోరు జారిన పాపానికి, ఆ మరుసటి గురువారమే చెంగు తలమీద కప్పుకుని అందుకుంది.

"ప్రభువా, ఈ ఇంటి ఇల్లాలికి చదువు గర్వం ఉంది తండ్రీ! ప్రార్థన మానేసింది తండ్రీ! దానివల్లే ఈ తమ్ముడి నోరు మూతపడింది తండ్రీ!"

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. చాల్లే సంబడం! పుండు మీద కారం చల్లి దానికి స్తోత్రమా? ఒళ్లు మండిపోయింది. ఆవిడ ఊపిరి తీసుకునే సందులో నేనూ మొదలుపెట్టాను.

"తండ్రీ, కొందరు టీ కోసం, బజ్జీల కోసం వచ్చి నీ పేరు చెప్పుకుంటున్నారు. సొంత కోడలితో పడనివాళ్లకి, ముందు వాళ్ల కొంప చక్కబెట్టుకునే బుద్ధి ప్రసాదించు ప్రభువా!"

"ఈ సోదరి నాలుకను అదుపులో పెట్టు తండ్రీ!"

"నాలుక పొడుగు ఎవరిదో నీకు తెలుసు ప్రభువా!"

ఇద్దరం కళ్లు తెరవలేదు. గొంతులు మాత్రం వీధి చివరికి వినిపిస్తున్నాయి. స్తోత్రం ఎవరికి చెప్పాలో తెలియక మిగతావాళ్లు ఊరుకున్నారు.

అప్పుడు మంచం మీదనుంచి వినబడింది.

"ఆ... మెన్."

కళ్లు తెరిచాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి, ఇక చాలన్నట్టు ఊపుతున్నాడు. "అద్భుతం! హల్లెలూయ! నా ప్రార్థన ఆలకించావు తండ్రీ!" అని సిస్టర్ ఎగిరి గంతేసింది. ఆదివారం నేను గుళ్లో సాక్ష్యం చెప్పాలట. అద్భుతమా, నీ మొహమా! మా గోల భరించలేక మనిషి ప్రార్థన ముగించాడు. అయితే ఆయన చూపు ఆవిడ మీద లేదు, నా మీద ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. నెలల తర్వాత నేను దేవుడితో మాట్లాడిన మాటలు అవీ!

మర్నాడు పొద్దున్న "అమ్మ", "నీళ్లు" పక్కన పెట్టేశాను. "తండ్రీ, నాకు ఓపిక అయిపోయింది, కాస్త ఇవ్వు" అన్నాను. ఆయన ఆమెన్ అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చాను.

అప్పటినుంచి అదే మా పాఠం. ఆయన ఒళ్లు తుడవడానికీ, లేపి కూర్చోబెట్టడానికీ నాకు కావలసిన బలం అందులోంచే వస్తోంది. చిక్కల్లా ఒకటే. నా ప్రార్థనలో ఎవరినైనా దెప్పానా, ఆయన నోరు విప్పడు. నిన్న "తండ్రీ, ఆ సిస్టర్‌కి కాస్త బుద్ధి..." అన్నాను. ముఖం అటు తిప్పుకున్నాడు. పళ్లు కొరుక్కుంటూ మళ్లీ మొదటినుంచి అందుకున్నాను.

"తండ్రీ, ఆవిడకి మోకాళ్ల నొప్పులట. తగ్గించు."

ఇటు తిరిగి, గట్టిగా ఆమెన్ అన్నాడు.