డీజిల్ పుస్తకానికి రెండు కెమెరాలు

జిరాక్సు షాపుల మీద నాకున్న కోపం ఈ జన్మకు తగ్గేది కాదు. తొంభైలలో, ద్వారకా నగర్‌లో కోచింగు సెంటర్ల సందులో ఒకడు నా కళ్ళెదుటే నా పుస్తకాన్ని మిషను మీద బోర్లా పడేసి మోచేత్తో నొక్కాడు. దాని వీపు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. "పాత పుస్తకం కదండీ" అన్నాడు. పాతదైతే విరగ్గొట్టొచ్చా? నేనూ పాతవాణ్ణే. మూడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ పుస్తకాలు పెట్టిన భిక్ష.

ఆ తర్వాత ఏ పుస్తకాన్నీ ఏ జిరాక్సు వాడి చేతిలోనూ పెట్టలేదు. కానీ ఒక పుస్తకం నకలు మాత్రం నాకు కావాలి. ఆ పుస్తకం నా దగ్గర లేదు, యారాడలో ఉంది.

చేపల రేవు దగ్గర బోట్ల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో నేను చాలాకాలం పనిచేశాను. అక్కడ నాకు జతగాడు ఒకడుండేవాడు. యారాడ మనిషి, చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి ఇంజన్ల వైపు వచ్చినవాడు. నేను శ్రీకాకుళం వైపు పొలాల్లోంచి వచ్చినవాణ్ణి. ఒకరికొకరం ఏమీ కాము, అయినా "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళం. అతని దగ్గర డీజిల్ ఇంజన్ల గురించి తెలుగులో అచ్చయిన పుస్తకం ఒకటుండేది. అట్టా, మొదటి పేజీలూ ఎప్పుడో పోయాయి కాబట్టి రాసిన మహానుభావుడెవరో తెలియదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అతను పైకి చదివేవాడు. నేను విప్పిన పంపు ముక్కలు ఒళ్ళో పెట్టుకుని వినేవాణ్ణి. నా పనితనమంతా ఆ అరగంటల్లోంచి వచ్చిందే.

అతను పోయాక ఆ పుస్తకం కోసం నేను తిరగని చోటు లేదు. ఒక లైబ్రరీలో బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి "డీజిల్ ఇంజన్ల మీదా? తెలుగులోనా?" అని నవ్వాడు. తెలుగువాడి పడవలో చెడిపోయిన ఇంజను ఇంగ్లీషులో చదివితేనే బాగవుతుందా? నేను గొడవకు దిగితే పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు గానీ, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఉన్న ఒక్క కాపీనీ మా బావ భార్య ఎర్రగుడ్డలో చుట్టి, దేవుడి గూట్లో అతని ఫొటో పక్కన పెట్టుకుంది. దసరాకి అతని స్పానర్లతో పాటు దానికీ కుంకుమ బొట్టు పెడుతుంది. ఆమెకు చదువు రాదు. ఏడాదికోసారి వెళ్ళి అడిగేవాణ్ణి.

"మీ బావ సేతులు పడ్డ పుస్తకం అన్నయ్యా. ఇంకొకరి సెయ్యి పడనివ్వను. ఒల్లకో, ఇంక అడక్కు. కూకో, సేపల పులుసు తిను" అనేది.

తినేసి వచ్చేవాణ్ణి. ఏటేటా అంతే.

డిజిటల్ కెమెరాలు మధ్యతరగతి ఇళ్ళలోకి దిగిన రోజుల్లో నాకు ఆలోచన తట్టింది. పుస్తకాన్ని బోర్లించక్కర్లేదు, నొక్కక్కర్లేదు, ఇల్లు దాటించక్కర్లేదు. ఫొటో తీస్తే చాలు. పూర్ణా మార్కెట్ వెనక మా ఇంటి వరండాలో పని మొదలుపెట్టాను. దోసిలి పట్టినట్టు రెండు చెక్కపలకల్ని ఏటవాలుగా చేర్చి బిగించాను. సగమే తెరిచిన పుస్తకం అందులో హాయిగా కూర్చుంటుంది. అదే వాలులో అతికించిన రెండు గాజు పలకలు పైనుంచి దిగి, పేజీలకు ఆనీ ఆనకుండా నిలుస్తాయి. కుడి పేజీని చూస్తూ ఒక కెమెరా, ఎడమ పేజీని చూస్తూ ఇంకోటి, వెలుగు కోసం పైన రెండు దీపాలు. కెమెరాల్లో ఒకటి నేను కొన్నది, రెండోది మా బావమరిది దగ్గర అరువు తెచ్చింది. రెండూ ఒకేసారి నొక్కుకోవడానికి సైకిలు బ్రేకు పిడి ఒకటి బిగించి, దానినుంచి రెండు కేబుళ్ళు లాగాను. పిడి నొక్కితే రెండు కెమెరాలూ ఒక్కసారే టిక్కుమనేవి. ఆ చప్పుడు విన్నప్పుడు పాత ఇంజనొకటి మొదటి దెబ్బకే అందుకున్నంత సంతోషం కలిగింది.

మా ఇంట్లో పుస్తకం ఒకటి పెట్టి తీశాను. కంప్యూటర్లో చూస్తే ప్రతి పేజీ మీదా తెల్లటి మబ్బు.

మా ఆవిడ నా భుజం మీదుగా తొంగిచూసింది. "పుస్తకం కన్నా మీ పొట్టే బాగా అవుపడతంది" అంది.

నిజమే. బనీను తెలుపంతా గాజులో పడుతోంది. మిషను దగ్గర నిలబడేవాడు నల్లగా ఉండాలని అప్పుడు తెలిసింది. నాకు నల్లచొక్కా ఎక్కడిది? అడిగితే మా బావమరిది కిందటేడు అయ్యప్ప దీక్షకు కుట్టించుకున్న నల్లచొక్కా, నల్లపంచె పంపించాడు. అవి కట్టుకుని తీస్తే పేజీ కడిగిన పళ్ళెంలా వచ్చింది.

ఇక యారాడకు మిషను మోసుకెళ్ళి, వేరే పుస్తకం మీద తీసి ఆమెకు చూపించాలి. దానికేమీ కాదని కళ్ళతో చూస్తే ఒప్పుకోవచ్చు. మల్కాపురం దాకా బస్సు, అక్కణ్ణించి కొండ మీదుగా ఆటో. అక్కడికెళ్ళి బట్టలు మార్చుకునే చోటుంటుందో ఉండదోనని ఇంటి దగ్గరే నల్లబట్టలు కట్టుకుని బయలుదేరాను. అది కార్తీకమాసమన్న సంగతి నాకు తట్టలేదు.

"సామీ, ఇరుముడి ఎప్పుడు?" అన్నాడు ఆటో అతను.

"ఇది ఫొటోల కోసం బాబూ" అన్నాను.

"ఓహో, కొండ మీద కూడా ఫొటోలు తీత్తారా సామీ?"

గుడి ముందు చెప్పులు విప్పిన అలవాటు లేనివాణ్ణి, దారిపొడుగునా దండాలు అందుకుంటూ వెళ్ళాను.

ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి "అయ్యో, సామీ!" అంటూ లోపలికి పరుగెత్తింది. పొయ్యి మీది గిన్నె గబగబా పెరట్లోకి పోయిన చప్పుడు వినబడింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసింది. నేను నోరు తెరిచేలోపు దేవుడి గూట్లోంచి ఎర్రగుడ్డ మూట తీసి, రెండు చేతులతో నా చేతుల్లో పెట్టింది.

"ఇన్నేళ్ళూ అడిగితే ఇవ్వలేదు. మాలేసుకుని సామివై వచ్చినోడికి లేదనకూడదు. పట్టుకెళ్ళు సామీ."

ఇన్నేళ్ళకు ఆ పుస్తకం నా చేతిలో ఉంది. గుడ్డలోంచి కుంకుమ వాసన, దాని కింద సన్నగా డీజిల్ వాసన. నిజం చెబితే పోతుంది, చెప్పకపోతే నాది. కానీ దొంగదారిన తెచ్చుకున్న పుస్తకాన్ని ఏ మొహంతో చదువుతాను?

"సెల్లెమ్మా, ఇది మాల కాదు. మెడ సూడు. గాజులో నా తెల్లబనీను పడతందని మా బావమరిది బట్టలు కట్టుకున్నాను."

ఆమె నా మెడ చూసింది. మూట తీసేసుకుంది.

"మరైతే ఈ ఏసం ఏటి? సామంటే నమ్మి కాళ్ళు కూడా కడిగేసాను. సిగ్గు లేదేటి?"

"నాను సామినని ఎవరికీ సెప్పలేదు. మీరే అనేత్తన్నారు."

"మాల కాదంటే సేపలు తింతావు కదా?"

"తింతాను."

"ఎప్పుడూ తిండే నీకు" అని, పెరట్లోకి తరిమిన గిన్నె మళ్ళీ తెచ్చి పొయ్యి మీద పెట్టింది. మూట మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంది.

పులుసు మరిగేలోపు మిషను బిగించాను. తెచ్చిన పుస్తకం పెట్టి, గాజు దించి పిడి నొక్కాను. ఆమె దగ్గరకొచ్చి వంగి చూసింది. కెమెరా వెనక చిన్న అద్దంలో పేజీ కనబడింది, పేజీ మీద ఆమె పసుపుచీర అంచు కూడా.

"నాను కూడా పడ్డానేటి!" అని నవ్వింది. కాసేపు మిషను చుట్టూ తిరిగింది. "గాజు నొక్కదా?"

"ఆనుతాది, అంతే."

"మరి పేజీ ఎవరు తిప్పుతారు?"

ఒక్క చేత్తో గాజు ఎత్తుతూ, ఇంకో చేత్తో పిడి నొక్కుతూ, పేజీ కూడా నేనే తిప్పడం ఇంటి దగ్గర పెద్ద యాతనగా ఉండేది. "నువ్వే తిప్పు. నా సెయ్యి పుస్తకం మీద పడదు" అన్నాను.

ఆమె లోపలికెళ్ళి చేతులు కడుక్కుని, నల్లదుప్పటి ఒకటి కప్పుకుని వచ్చింది. మూట విప్పి, పుస్తకాన్ని తానే చెక్కల దోసిట్లో పడుకోబెట్టింది.

నేను గాజు ఎత్తడం, ఆమె తిప్పడం, నేను దించి నొక్కడం. దీపాల వేడికి ఆ దుప్పటిలో ఆమె చెమటతో తడిసిపోయింది, తీయమంటే తీయలేదు. పంపు బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగింది. అంచున నల్లటి బొటనవేలి ముద్ర ఉంది.

"ఇది మీ బావదే" అంది. "ఫొటోలో ఇది కూడా పడతాదా?"

కెమెరాలో చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత పేజీ తిప్పింది.

ఎండ కొండ వెనక్కి వాలేవేళకు ఆఖరి పేజీ అయింది. ఆమె పుస్తకాన్ని మళ్ళీ చుట్టి గూట్లో పెట్టింది. నేను కేబుళ్ళు విప్పుతుంటే గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"అయితే పుస్తకం నీకు వచ్చేసినట్టే."

"వచ్చేసింది సెల్లెమ్మా."

"మరింక యారాడలో నీకు పనేటి ఉంటాది? రావు కదా."

ఏడాదికోసారి లేదనిపించుకోవడానికే వస్తున్నానని నేను గింజుకున్నాను. ఆమె లేదన్నది ఎందుకో ఒక్కసారీ ఆలోచించలేదు. పుస్తకాల్లో నేర్చుకోని సంగతి ఇదొకటి మిగిలింది నాకు.

కెమెరా తెరిచి, తీసిన పేజీలు ఒక్కొక్కటే వెనక్కి జరిపాను. కొన్ని కదిలిపోయాయి, అక్షరాలు చెదిరిపోయి ఉన్నాయి. నా చేతి వణుకు కేబులు గుండా కెమెరాకు చేరినట్టుంది. ఇంకోరోజైతే నా మీద నాకే కోపం వచ్చేది.

"ఇదిగో, ఇవి మళ్ళీ వచ్చి తియ్యాలి" అని చూపించాను.

ఆమె చిన్న అద్దంలోకి వంగింది. అక్షరం రాకపోయినా చెదిరిన పేజీ చెదిరినట్టే కనిపిస్తుంది కదా.

"పనిమంతుడివేలే" అంది. "ఈసారి ఈ నల్లబట్టలు ఇక్కడికొచ్చాక కట్టుకో. ఊళ్ళో నవ్వుతారు."