రెండు పక్కలా హుక్కులు

కావలి బజారులో జాకెట్లు కుట్టే ఎలిశబెతుకు చదువంటే ఎంత ప్రాణమో, ఆమె నోటికి జడిసి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మూడో తరగతిలో ఉండగా వాళ్ల నాన్న ఆమె చేతిలో పలక లాక్కుని మిషను ముందు కూర్చోబెట్టాడు. ముప్పయ్యేళ్లు తొక్కింది. కాలేజీ పిల్లలు పుస్తకాలు పట్టుకుని అంగడి ముందు పోతుంటే కుట్టు వంకరపోయేదాకా వాళ్లనే చూసేది. చూసి, తిట్లు మాత్రం దారానికి పెట్టేది.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఒకనాడు, కాలేజీలో జీవశాస్త్రం చెప్పే పద్మనాభయ్యగారు రెండు పొడుగాటి నాడా పట్టీలు తెచ్చారు.

"ఎలిశబెతమ్మా, పిల్లకాయలకు డి.ఎన్.ఎ. చూపించాల. నాలుగు రకాల ముక్కలుంటాయి. అడినిన్ థైమిన్‌తోనే జతపడుద్ది, గ్వానిన్ సైటోసిన్‌తోనే. ఎట్టా కుడతావో నువ్వే చూడు. పాఠం రోజు నువ్వూ వచ్చి విందువుగానీ."

ఆ చివరి మాట కోసం ఆమె పట్టీలు ఎన్నయినా కుట్టేదే. అడినిన్‌కు హుక్కు, థైమిన్‌కు దారపు కాజా. గ్వానిన్‌కు ప్రెస్ బొత్తాం మిట్ట, సైటోసిన్‌కు దాని గుంట అని తేల్చింది. హుక్కు గుంటలో పడదు, మిట్ట కాజాలో నిలవదు. అసలు దాంట్లోనూ మొదటి జతను రెండు బంధాలు, రెండో జతను మూడు పట్టుకుంటాయనీ, బొత్తాం గట్టిగా ఉండడమే సరైనదనీ సారు మురిసిపోయారు.

మూడోనాడు తయారైన పట్టీలు చూసి తల పట్టుకున్నారు. హుక్కులూ మిట్టలూ అన్నీ ఒక పట్టీకి, కాజాలూ గుంటలూ అన్నీ రెండోదానికి, అచ్చం జాకెట్టుకు కుట్టినట్టే కుట్టిపెట్టింది.

"ఇట్టా కాదమ్మా. రెండు పక్కలా నాలుగూ కలగలిసి ఉండాల. ఇటు హుక్కుంటే అటు కాజా, ఇటు కాజా ఉంటే అటు హుక్కు."

"రెండు పక్కలా హుక్కులుండే జాకెట్టు మీ ఇంట్లో ఎవరన్నా తొడుక్కుంటారా సారూ? ముందే చెప్పుంటే ఈ ఊడదీత తప్పేది గదా!"

ఊడదీసి మళ్లీ కుడుతుంటే, జాకెట్టు కోసం వచ్చిన పెంచలమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఏందే ఇది, ఎద్దుకు మొలతాడా?"

"నీ ఒంట్లో కూడా ఇదే ఉండాదంట."

"అందుకేనా నా నడుం పట్టేసింది!"

తర్వాత సారు ఒంటి పట్టీ ఒకటి కుట్టమన్నారు. అది ఆర్.ఎన్.ఎ. అట. డి.ఎన్.ఎ. విడిపోయినప్పుడు ఒక పాయను చూసి తయారయ్యే నకలు. అందులో థైమిన్ ఉండదు, దాని బదులు యురాసిల్. ఎలిశబెతు దారపు కాజాలు మాని ఇత్తడి రింగులు కుట్టింది. హుక్కు వాటికీ చక్కగా తగులుకుంది.

ఆ నకలు కుట్టేటప్పుడే ఆమెకు విషయం తట్టింది. పాత పట్టీ మీద వేలు జరుపుతూ పోతే చాలు, ఎదురుగా ఏముండాలో వేలే చెబుతోంది. అయితే రెండు పాయల్లో ఒకటి మిగిలినా రెండోది ఎక్కడికీ పోనట్టే. ఈ మాట క్లాసులో ఒక్కసారి తన నోటితో చెప్పాలి. ఆ వారమంతా నిద్రలో కూడా అదే ధ్యాస.

పాఠం రోజున చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని వెళ్లింది. వాకిట్లోనే సారు ఇబ్బందిగా చూశారు.

"గదిలో చోటు లేదమ్మా. వరండాలో కూర్చో."

ఆమె కూర్చోలేదు, కిటికీ పక్కన నిలబడింది. లోపల బొత్తాలు టక్ టక్‌మని ఊడాయి. ఒక పాయ చేత్తో పైకెత్తి సారు అడిగారు.

"రెండోది పోయిందనుకోండి. మళ్లీ ఎట్టా కట్టేది?"

అందరూ బల్లల వైపు చూశారు. బజారంతా హడలే ఆ నోరు కిటికీ దగ్గర పెగల్లేదు. చివరికి జవాబు సారే చెప్పుకున్నారు.

గంట కొట్టాక ఆయన పట్టీలు పట్టుకుని బయటికి వచ్చారు. "కుట్టు దివ్యంగా కుదిరిందమ్మా!"

కుట్టు బాగుందన్న మాట ఆమె ముప్పయ్యేళ్లుగా వింటూనే ఉంది.

"పని అయిపోయినాక నాకొక పట్టీ ఇస్తారా సారూ?"

"జత తీసుకోమ్మా. ఒకటేం చేసుకుంటావు?"

"ఒకటి చాలు. ఎదురేది ఉండాల్నో అదే చెబుద్ది గదా. రెండోది నేను కుట్టుకుంటా."

ఆయన చేతిలో పట్టీ అట్లాగే ఆగింది. "నేను లోపల అడిగింది ఇదేనమ్మా! తెలిసుండీ చెప్పలేదేం?"

"మీరు అడిగింది లోపలోళ్లను."

ఆయన ఆ పట్టీ ఆమె చేతిలో పెట్టారు. ఇంతలో తర్వాతి క్లాసు పిల్లలు చుట్టుముట్టి ఆయన్ను లోపలికి తీసుకుపోయారు. ఎలిశబెతు కిటికీలోంచి చూసింది. ముందు బల్ల చివర ఒక మనిషి పట్టేంత చోటుంది. ఎవరూ వచ్చి కూర్చోలేదు. పాఠం మొదలయ్యేదాకా ఆ చోటునే చూస్తూ నిలబడి, పట్టీ చేతికి చుట్టుకుని అంగడికి నడిచింది.