పురస్కారానికి పంపిన ఫొటో

ప్రపంచంలో మనుషులకు మేలు చేసినవాళ్లకు ఇచ్చే పెద్ద బహుమతుల వార్తలు టీవీలో వచ్చినప్పుడల్లా గదిలోవాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు.

"ఏమన్నా, ఈ తూరి గూడా నీ పేరు మర్సిపోయినారే!"

నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఆశ ఉండేది. గల్ఫ్‌లో, ఎగైలా అనే చోట ఒక ఇంటికి డ్రైవర్ని. సెలవు దొరికిన శుక్రవారాల్లో కష్టంలో ఉన్న మనవాళ్లను మన ఎంబసీ షెల్టర్‌కు చేర్చేవాణ్ణి. చనిపోయినవాళ్లను ఊరికి పంపే పనుల మీద తిరిగేవాణ్ణి. ప్రతిదానికీ ఫొటో తీసి గ్రూపులో పెట్టడం ఇక్కడి మా సంఘాల అలవాటు. ఫొటో లేకపోతే సేవ చేసినట్టే కాదు.

పోయిన ఏడాది ఒక సంస్థ మానవసేవకు అంతర్జాతీయ పురస్కారం ఇస్తామని, చేసిన సేవల ఫొటోలు పంపమని ప్రకటించింది. ఆ వారంలోనే రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకామె, పనిచేసే ఇంట్లో బాధలు పడలేక బయటికొచ్చేసి నాకు ఫోన్ చేసింది. కారులో షెల్టర్‌కు తీసుకెళ్లాను. గేటు దగ్గర నేను ఫోన్ ఎత్తగానే చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పొటో వద్దన్నా. ఈడ బాగుండానని ఇంట్లో చెప్పుండాను. మా పాప పరీచ్చలు రాస్తాంది."

"యాడా పెట్టన్లేమ్మా. ఆఫీసోళ్లకు చూపించేదానికే."

ఆమె చున్నీ దించింది. పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాను.

పురస్కారం వచ్చింది. శాలువా కప్పారు. మా ఇద్దరి ఫొటోతో సంస్థవాళ్లు పోస్టర్ చేసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. మరునాటికి అది వాళ్ల ఊరి గ్రూపులకు చేరింది. షెల్టర్‌కు పరుగెత్తితే ఆమె నన్ను చూడటానికి బయటికి రాలేదు. పోస్టర్ తీసేయమని సంస్థవాళ్లను అడిగాను. "మీకే కదన్నా మంచి పేరొచ్చేది," అన్నారు.

గదిలోవాళ్లు ఆటపట్టించడం మానేశారు. మాటలూ తగ్గించారు. ఒక శుక్రవారం అందరూ బయటికెళ్లాక ఒక్కణ్ణే మంచం మీద కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. ఆమె కూతురు. పోస్టర్ మీద నా నంబరుంది. తిడుతుందనుకుని, ముందే క్షమాపణ చెప్పబోయాను.

"అదుండనీ మామా. ఆ పొటోలో మాయమ్మ చేతికి గుడ్డేంది? కాలిందా? ఎవురన్నా కొట్నారా? అడిగితే ఏం లేదంటాంది. నువ్వు పక్కనే ఉండావు గదా."

పక్కనే ఉన్నాను. దిగేటప్పుడు ఆమె సంచి కూడా నేనే అందించాను. ఆ ఫొటో ఎన్నోసార్లు చూసుకున్నాను, వెలుతురు సరిపోయిందా, నా మొహం బాగా పడిందా అని.

"చూళ్లేదమ్మా," అన్నాను.

ఆ పిల్ల నమ్మలేదు. నేనేదో దాస్తున్నానని అనుకుంది.

"చెప్పు మామా, నేను తట్టుకుంటాలే," అని బతిమాలుతూనే ఉంది.