వెనక సీట్లో చీరల పెట్టె

మా కారులో వెనక సీటు సగమే ఉంటుంది. మిగతా సగంలో మూడు సొరుగుల చెక్కపెట్టె. ఎక్కిన ప్రతివాళ్లూ "ఇదేంది, బీరువా తెచ్చి కార్ల పెట్టిన్రు?" అని నవ్వుతారు. నవ్వేవాళ్లకేం తెలుసు, అది అక్కడ కుదురుగా కూర్చునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మాది గద్వాల. మా ఆయన మగ్గం మీద చీరలు నేస్తాడు. నేను వాటిని కారులో వనపర్తికీ, నాగర్‌కర్నూలుకూ, ఒక్కోసారి అచ్చంపేట దాకా తీసుకెళ్లి, చెప్పి నేయించుకున్నవాళ్లకు ఇచ్చి వస్తాను. నడిపేది నేనే. నాతోపాటు మా అత్తమ్మ, ఆమె ఒడిలో చీరల మూట.

ఎప్పుడో మా మామ ఉన్న రోజుల్లో, బస్సులో పైన పెట్టిన మూట మీద ఎవరిదో నూనె డబ్బా కారిందట. లోపల ఉన్నది పెళ్లి చీర. ఆ రోజు నుంచి అత్తమ్మ మూటను ఒడి దిగనివ్వలేదు. బస్సు పోయి కారు వచ్చినా అంతే. ఇప్పుడేమో మోకాళ్లు అరిగిపోయాయి. నాగర్‌కర్నూలు చేరేసరికి ఆ బరువుకు కాళ్లు మొద్దుబారి అడుగు వేయలేకపోయేది. ఇంట్లో ఉండమంటే "చీరెలను ఒంటరిగ పంపియ్య" అనేది. డిక్కీలో పెడదామంటే, "స్టెప్నీ పక్కకా?" అని కయ్యిమనేది. నాకు ఒళ్లు మండేది. అంతలోనే ఆమె మోకాళ్లు పట్టుకుని మూలుగుతుంటే పాపమనిపించేది. ఎట్లాగైనా సరే ఆ మూటను ఆమె ఒడిలోంచి దించాలి, ఆమె నమ్మే చోటు ఒకటి కారులోనే కట్టాలి అని పట్టుబట్టాను.

మొదటి ఆలోచన మా ఆయనది. "మడత పెడితే జరీ నలుగుతది. చుట్టి పెడ్దాం" అన్నాడు. మగ్గం మీద నేసిన బట్ట నేసినట్టే కర్రకు చుట్టుకుంటుంది కదా. నేతపనివాళ్ల బుర్ర మరి, ఇంకోలా ఎట్లా పోతుంది? వెనక సీటు మీద అడ్డంగా రెండు గుండ్రటి కర్రలు బిగించి, ముందు చూద్దామని నావే రెండు పాత చీరలు చుట్టాం. ఎంత ముచ్చటగా ఉందో! ఊరు దాటకముందే స్పీడు బ్రేకరు ఎక్కాం, కర్ర గిర్రున తిరిగింది. పెబ్బేరులో దిగి చూస్తే రెండు చీరలూ విడిపోయి సీటు కింద కుప్పపడి ఉన్నాయి. మగ్గం మీదైతే అవతల పడుగు దారాలు బిగబట్టి ఉంటాయి, ఇక్కడ పట్టి ఉంచేదెవరు? పుట్టినప్పటి నుంచీ మగ్గం చప్పుడు వింటున్న మా ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ముందు సీట్లో అత్తమ్మ తన మూటను నిమురుతూ, "పాపం, కారుకు గూడ చీరె కట్టుకోవాలనిపించింది" అంది. కోపం రాబోయి నవ్వొచ్చింది.

తర్వాత మా వీధి వడ్లాయనను పట్టుకున్నాను. తలుపులూ మంచాలూ చేసే మనిషి. "కార్లకు ఎన్నడు చెయ్యలే అక్కా" అంటూనే తల లోపల పెట్టి కొలిచాడు. కాళ్లు పెట్టుకునే చోట సరిపోయేలా పెట్టె చేశాడు. అత్తమ్మ ఒక్క చూపు చూసి, "చెప్పులు పెట్టే కాడ చీరెలా?" అంది. కొత్త చీరను కళ్లకద్దుకుని గానీ మేం ఎవరి చేతికీ ఇవ్వం, నాకు ఆ మాత్రం ఎందుకు తోచలేదో! సగం సీటు తీసేయించి పెట్టెను పైకెక్కించాం. ఇక బ్రేకు వేసినప్పుడల్లా సొరుగులు ముందుకు దూకి నా సీటును పొడిచేవి. వడ్లాయన పెట్టె ముందువైపు కింద ఒక చెక్క ముక్క పెట్టి కాస్త వెనక్కి వాల్చాడు. అప్పటి నుంచి సొరుగులు వాటి బరువుకు అవే మూసుకుంటున్నాయి.

అయిందనుకుని సంబరపడుతుంటే అత్తమ్మ పట్టుపోగు ఒకటి తెచ్చి సొరుగు లోపలంతా లాగింది. ఒక మూల పోగు చిక్కుకుంది.

"చేతికి ఏం తగుల్తలేదు గదా అవ్వా" అన్నాడు వడ్లాయన.

"చేతికి కాదు, చీరెకు తగుల్తది" అంది.

పాపం, అతను మళ్లీ కూర్చుని నున్నగా రుద్దాడు. మర్నాడు అత్తమ్మ తన పెట్టెలోంచి మామ పంచె ఒకటి తీసి, "ఇది పరుచు లోపట. మెత్తగుంటది" అని నా చేతిలో పెట్టింది. నేను అప్పటికప్పుడే పరిచాను. ఆలస్యం చేస్తే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని భయం.

నాగర్‌కర్నూలుకు పెళ్లి చీర ఇవ్వాల్సిన రోజు వచ్చింది. అత్తమ్మ చీరను కళ్లకద్దుకుని పై సొరుగులో పెట్టి వదిలింది. అది మెల్లగా మూసుకుంది. మళ్లీ లాగి చూసింది, మళ్లీ మూసుకుంది. "మంచిగనే ఉన్నది" అని పెట్టె పక్కనే వెనక కూర్చుంది. ఎర్రవల్లి దాకా చేయి మాత్రం దాని మీదే ఉంచింది. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను.

బీచుపల్లి వంతెన ఎక్కేసరికి ఆ చేయి అక్కడ లేదు. కిటికీ వైపు పూర్తిగా తిరిగిపోయింది.

"ఏమే, గిది కిష్ణమ్మనా?"

"గదే అత్తమ్మా. ఎన్నిసార్లు పోలేదు మనం ఈ తొవ్వల!"

"పోయిన గని, ఏడ చూసిన? మూటను చూసుకుంటనే అయిపాయె."

నేను కారు నెమ్మది చేశాను. అత్తమ్మ రెండు చేతులూ జోడించి ఏటికి దండం పెట్టుకుంది. వెనక లారీవాడు హారను మీద హారను కొడుతున్నాడు. కొట్టుకోనీ అనుకుని, వంతెన అయిపోయేదాకా అట్లాగే నడిపాను.