సంచి నిండా మిరియాలు

ఆరేళ్లుగా ఈ మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అరకు వైపు కొండ మీద ఊరు. కాఫీ తోటల్లో నీడ చెట్లకు మిరియాల తీగలు పాకిస్తాం. దొంగలు మిరియాల కాయ దూసి పట్టుకుపోతున్నారని పదకొండు ఊళ్లవాళ్లం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పెద్ద లేడు, కమిటీ లేదు. చూసినవాడు రాస్తాడు, దగ్గరున్నవాళ్లు పరిగెడతారు. ఎంత బాగా నడిచేదో! పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఊరూరా భుజాలు మార్చుకుంటూ డోలీలో రోడ్డు దాకా మోసుకెళ్లాం. ఏ ఆఫీసూ అంత త్వరగా కదలదు.

అయితే మా ఊరి నుంచి ఎప్పుడూ ఒక్క కబురూ రాదని మిగతావాళ్లు ఎగతాళి చేసేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నం, స్టీలు గిన్నెలు అమ్ముకునే సోములు మా తోట పక్కన మోటారు బండి ఆపి ఒంటికి పోసుకోవడం చూశాను. అంతే. మా ఇంట్లో అంబలి తాగినవాడే. అయినా ఫోన్ తీసి రాశాను: "నల్ల బండి. సంచి నిండా మిరియాలు. పై ఊరికి పోతన్నాడు." ఎందుకు రాశాను? ఆపి నాలుగు మాటలడిగి వదిలేస్తారు, మా ఊరికి పేరొస్తుంది అనుకున్నానా? ఇంతకన్నా మంచి కారణం ఇప్పటికీ దొరకలేదు.

క్షణాల్లో గ్రూపులో బొటనవేళ్ల గుర్తులు వరస కట్టాయి. 'తప్పు, అతను మనవాడే' అని రాసి, నవ్వుతారని పంపకుండానే చెరిపేశాను.

నేను వెళ్లేసరికి నాలుగు ఊళ్ల మగవాళ్లు అతన్ని కర్రలతో, రాళ్లతో కొడుతున్నారు. మిరియాలు దొరకలేదు. దారిలో పారేశాడని ఇంకా గట్టిగా కొట్టారు. ఒక కన్ను చితికిపోయింది. నోరంతా రక్తం. రెండో కంటితో నన్ను గుర్తుపట్టాడు.

"అన్నా, నానేటి సేసినాను? నువ్వైనా సెప్పన్నా ఈళ్లకి!"

"నోర్ముయ్యి, దొంగెదవా!"

ఎవరి చేతిలోదో కర్ర లాక్కుని అతని మూతి మీద కొట్టాను. కోపంతో కాదు. ఇంకో మాట మాట్లాడకుండా. దవడ విరిగింది.

సోములు బతికాడు, కన్ను పోయింది. పోలీసులొస్తే అందరూ గ్రూపులో వచ్చిందన్నారు. ముందు రాసిందెవరంటే తెలియదన్నారు. నా పేరు తెలిసినవాళ్లూ చెప్పలేదు, వాళ్ల చేతుల్లోనూ కర్రలున్నాయి కదా. నేను మెసేజ్ తీసేశాను.

మా గ్రూపు గురించి తెలుసుకోవాలని కిందటి నెల పాడేరు నుంచి కొందరు వచ్చారు. తప్పు జరిగితే జవాబు చెప్పేదెవరని ఒకావిడ అడిగింది. అందరం అన్నాను. చప్పట్లు కొట్టారు. అందరం అంటే ఎవరు? ఆరోజు నా వేలు కదా రాసింది?

నేను కొట్టానని సోములుకి తెలుసు. రాసింది నేనని తెలియదు. మొన్న సంతలో కలిసి, ఎవడో రాసిన అబద్ధం నమ్మి కొట్టావులే అని నన్ను క్షమించాడు. తల ఊపాను. ఆ క్షమ తీసుకుని ఇంటికొచ్చేశాను.

అబద్ధం రాసింది నేను. ఈ మాట బయటపెట్టాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.