గిన్నెగా మారిన గిటార్ రికార్డు

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను సౌదీలోని రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీర్ని. మా సెక్షన్‌లో ఒక ముసలి అమెరికన్ ఉండేవాడు. గురువారం సెలవు. భోజనం కాగానే ఆయన గదికి వెళ్లేవాణ్ణి. ఆయన ఎప్పుడూ ఒకే రికార్డు పెట్టేవాడు. యాభైల్లో వచ్చిన జాజ్ గిటార్ ఆల్బమ్ అది. గిటార్, బాస్, డ్రమ్స్, అంతే. మాటల్లేవు. మొదట్లో నాకు విసుగొచ్చింది.

"పాట కోసం వెతక్కు. గిటారిస్టు వేళ్లు విను" అన్నాడాయన.

రెండో వైపు నెమ్మదిగా సాగే ఒక ముక్కలో, తీగ మీద వేలు జారిన చిన్న కీచు వినిపించేది. స్టూడియోలో దాన్ని తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. పోనుపోను ఆ కీచు కోసమే ఆ ముక్క మళ్లీ పెట్టమని అడిగేవాణ్ణి.

ఆయన రిటైరై వెళ్లేటప్పటికి నేను సెలవు మీద ఇండియాలో ఉన్నాను. ఫోన్ చేసి, "రికార్డు నీకే. మీ మేనేజర్ దగ్గర పెట్టాను, వచ్చాక తీసుకో" అన్నాడు.

మేనేజర్ మా జిల్లావాడే. తిరిగొచ్చిన రోజే అడిగాను.

"ఏదో ఇచ్చాడోయ్. ఇంట్లో ఎక్కడో ఉంది, చూస్తాలే" అన్నాడు. తర్వాత ఎప్పుడడిగినా అదే మాట.

ఒక శుక్రవారం తెలుగువాళ్లందర్నీ విల్లాకి పిలిచాడు. బల్ల మీద అంచులు వంకర్లు తిరిగిన నల్ల గిన్నె, దాన్నిండా మిరపకాయ బజ్జీలు. ఒకటి తీసుకోబోతే, తడిసిన టిష్యూ కింద గుండ్రటి కాగితం కనబడింది. నూనె పీల్చుకుని పసుపు రంగుకి తిరిగిపోయింది. దాని మీద గిటారిస్టు పేరు.

"ఇది... ఎక్కడిది సార్?"

"మా ఆవిడ కళ! ఇంటర్నెట్‌లో చూసి, పాత రికార్డుని ఓవెన్‌లో పెట్టి వంచేసింది."

ఆమె సంబరంగా, "మీకూ ఒకటి చేసిపెట్టనా అండీ?" అంది. పాపం, అది ఎవరిదో భర్త ఆమెకు చెప్పలేదని అప్పుడే అర్థమైంది.

"సార్, అది ఆయన నాకిచ్చింది. మీకు తెలుసు."

"ప్లాస్టిక్కేగా! ఆ తెల్లవాడి టింగు టింగులు నీకెందుకోయ్?" పకపకా నవ్వి, అదే గిన్నెలోంచి బజ్జీ తీసి కొరికాడు. నూనె గడ్డం మీదికి కారింది. ఏమీ తినకుండానే బయటికొచ్చేశాను.

వారం తర్వాత ఆ అమెరికన్ ఫోన్ చేశాడు. రికార్డు వింటున్నావా అని అడిగాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు. జరిగింది చెప్పాను.

"తెలిస్తే వెళ్లేముందు నేనే సముద్రంలో పడేసేవాణ్ణి" అన్నాడు. ఆ తర్వాత అక్కడి వాతావరణం గురించి ఏదో మాట్లాడాడు.

మేనేజర్ మళ్లీ పిలిచినప్పుడు రానన్నాను.

"ఒక ప్లాస్టిక్ గిన్నె కోసమా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

గిన్నె కన్నా ఆ ఆశ్చర్యమే ఎక్కువ రోత పుట్టించింది. ఏడాది తిరక్కుండా వేరే సైటుకి బదిలీ అడిగి వెళ్లిపోయాను.